బరువు ట్రక్కుతో గట్టు దిగేటప్పుడు బ్రేకు ఎలా వేయాలి?

ప్రశ్న:
మా ట్రాక్టరుకు రెండు చక్రాల ట్రక్కు తగిలించి, 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేసుకుని నిన్న కాలువ గట్టు దిగుతుండగా, వాలు మధ్యలో క్లచ్ తొక్కి బ్రేకు వేశాను. బండి ఆగకపోగా ఇంకా వేగం పుంజుకుంది. వెనుక నుంచి ట్రక్కు నెట్టడంతో ట్రాక్టరు ఎడమకు తిరిగి, గట్టు అంచుకు జానెడు దూరంలో ఆగింది. బ్రేకులు ఈ మధ్యనే బాగు చేయించాను. లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1:
మీరు క్షేమంగా బయటపడ్డారు, ముందు అది చాలు. నాలుగున్నర టన్నుల ధాన్యానికి ట్రక్కు సొంత బరువు కూడా కలిస్తే ట్రాక్టరు బరువుకు రెట్టింపు దాటుతుంది. మన ట్రక్కుల్లో చాలా వాటికి బ్రేకులే ఉండవు కనుక అంత బరువునూ ట్రాక్టరు వెనుక చక్రాలే ఆపాలి. మీరు క్లచ్ తొక్కిన క్షణంలోనే ఇంజను పట్టు తెగిపోయి, భారమంతా ఆ బ్రేకుల మీద పడింది. అంత బరువుతో ఏ గేరులో గట్టు ఎక్కుతారో ఆ గేరే వాలు మొదలుకాకముందు వేసుకుని, క్లచ్ జోలికి పోకుండా దిగాలి. డీజిలు కలిసివస్తుందని న్యూట్రల్‌లో దింపేవారిని చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది.

జవాబు 2:
ఎడమకే తిరిగిందంటే నాకు మరో అనుమానం ఉంది. దమ్ము చేసేటప్పుడు, అంటే నాట్లకు ముందు నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడు, మడి మూలల్లో ఒక్క పక్క బ్రేకుతో తిప్పడానికి కుడి, ఎడమ వెనుక చక్రాలకు విడివిడిగా ఉండే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొండీ తీసేస్తాం. రోడ్డెక్కే ముందు దాన్ని మళ్లీ వేశారా?

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశానండి, వేయలేదు. నా పాదం ఎడమ పెడల్ మీదే ఎక్కువగా ఆనినట్టుంది.

జవాబు 3:
కొండీ వేసినంత మాత్రాన సరిపోదు. ట్రక్కు విప్పేసి, ఎండిన మట్టి నేల మీద నెమ్మదిగా నడుపుతూ ఒక్కసారి గట్టిగా బ్రేకు వేసి, దిగి చూడండి. రెండు వెనుక టైర్ల ఈడ్పు గీతలూ ఒకే పొడవున ఉండాలి, లేకపోతే మెకానిక్‌తో సరిచేయించండి. బస్తాలు వెనుక వైపు ఎక్కువగా పేర్చినా ప్రమాదమే. ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనుక చక్రాల మీద బరువు తగ్గుతుంది, అప్పుడు బ్రేకు పట్టినా టైరు జారుతుంది. దారిలో కొన్ని బస్తాలు దింపవలసి వస్తే, ముందు వరుస ఖాళీ చేయకుండా వెనుక నుంచే దింపించండి.