డెడ్‌లైన్‌ని గడువు అనలేక ఆగిపోయా, కాస్త చూడండి

అందరికీ నమస్తే. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా బండి కదలట్లేదు. జాన్ మెక్‌ఎల్‌రాయ్ అని అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది గుర్రప్పౌజులో చేరిన కుర్రాడు, 1879లో అచ్చేసిన జైలు జ్ఞాపకాలు తెలుగులోకి చేస్తున్నా, అచ్చుకి కాదులెండి, రిటైరయ్యాక ఏదో ఒక పని పెట్టుకోవాలి కదా అని. 1864 జనవరిలో వర్జీనియాలో జోన్స్‌విల్ దగ్గర గడ్డకట్టే చలిలో పోరాడి పోరాడి చివరికి బెటాలియన్ లొంగిపోయింది, అక్కడిదాకా ఇబ్బంది లేదు, తూటాలు, మందుగుండు, ముట్టడి, లొంగుబాటు, యుద్ధానికి మనకి మాటలు బోలెడు. చిక్కంతా జార్జియాలో దక్షిణాదివాళ్ళ ఆండర్సన్‌విల్ జైలు గేటు దాటి లోపలికి అడుగుపెట్టాక మొదలైంది.

జైలంటే గదులూ కటకటాలూ అనుకునేరు, అదేం లేదు. చుట్టూ పైన్ చెట్ల దుంగలు పాతిన ఎత్తైన గోడ, లోపల ఉత్త మైదానం. పదివేల మందికని కట్టినదాంట్లో 1864 ఆగస్టుకి 32 వేలు దాటారు. ఆ గోడకి లోపలివైపు సుమారు 20 అడుగుల దూరంలో చిన్న చిన్న గుంజలు పాతి పైన సన్నటి చెక్క కొట్టారు. దాన్ని దాటితే, దాటడం దాకా ఎందుకు, చెయ్యి అవతల పెట్టినా పైన మంచె మీద కాపలావాడు కాల్చేయొచ్చు. దాని పేరే డెడ్ లైన్. ఇప్పుడు మనం ఆఫీసులో రోజూ అనే మాటే! గడువు అని రాస్తే చదివేవాడు నవ్వుతాడు. ఏం పెట్టమంటారు?

—

లక్ష్మణరేఖ ఉండగా వెతుకులాట ఎందుకు మాస్టారూ, చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది.

—

అర్థమవుతుంది గానీ తిరగబడి అర్థమవుతుందండీ. లక్ష్మణుడు గీసింది లోపలున్న మనిషిని కాపాడ్డానికి, ప్రమాదం బయట్నుంచి రావాలి. ఇక్కడ గీసినవాడే చంపేవాడు. పైగా ఆ గీత వాల్మీకంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది అని ఇక్కడ ఇంకో వంద కామెంట్లు పడతాయి, నా గోడు పక్కకి పోతుంది :)

—

కంచె అనొచ్చుగా? లేదా గట్టు?

—

అనలేం అన్నా. యుద్ధం అయ్యాక ఆ జైలు అధికారి హెన్రీ విర్జ్ మీద విచారణ జరిపి 1865 నవంబర్ 10న ఉరి తీశారు, ఆ అభియోగపత్రంలో ఈ గీత గురించి ప్రత్యేకంగా రాశారు. చాలాచోట్ల అది ఊహలో ఉన్న గీతేనట, మిగతా చోట్ల కదిలిపోయే గుంజల మీద వదులుగా కొట్టిన చెక్కలట. అంటే కంటికి కనపడకపోయినా ఉన్నట్టే లెక్క. కంచె విరిగితే కంచె లేనట్టు, గట్టు తెగితే గట్టు లేనట్టు. గీత చెరిగిపోయినా గీతే కదా. కాబట్టి గీత అనే మాట మాత్రం వదలొద్దు అంటా నేను.

—

మేం పత్రిక డెస్క్‌లో పాతికేళ్ళు డెడ్‌లైన్ అనే అన్నాం, గడువు అని నోటితో అన్నవాడు లేడు, హెడ్డింగులో మాత్రం "నేటితో ముగియనున్న గడువు" అని పెట్టేవాళ్ళం. ఇంగ్లీషులో కూడా ఈ టైమ్ అర్థం 20వ శతాబ్దంలో పేపరాఫీసుల్లోనే పాకింది. ప్రింటింగ్ మెషీన్ బల్ల మీద కూడా ఒక డెడ్ లైన్ ఉండేది, అది దాటిన అక్షరం అచ్చులో పడదు. జైలు గీతే నేరుగా పేపర్లోకి వచ్చిందా అంటే గట్టిగా చెప్పలేం, మధ్యలో ఈ మెషీన్ గీత ఉంది మరి. ఒక్క సంగతి గమనించారా, మనం కూడా "గడువు దాటింది" అంటాం. దాటేది ఏరు, గడప, గట్టు. కాలాన్ని కూడా కాళ్ళతోనే దాటిస్తున్నాం.

—

ఐటీవాళ్ళం, మా మేనేజర్ ఈ పోస్ట్ చూడకుండా ఉంటే చాలు.

—

మరణరేఖ? గంభీరంగా ఉంటుంది.

—

జాతకాలాయన చెయ్యి చూసి చెప్పినట్టుందండీ. రాసినవాడు పదహారేళ్ళకి ఫౌజులో చేరిన పిల్లాడు, వాడి నోట్లో సంస్కృతం కుక్కితే ఎలా.

—

అన్నా, గింత సోచాయించుడు దేనికి? మా దిక్కు పోరగాండ్లు కబడ్డి ఆడితే అవుటైనోన్ని ఏమంటరు? సచ్చిండు అంటరు. "గీత దాటినవ్, సచ్చినవ్, పో బయటికి" అంటరు. మీ దిక్కు చెడుగుడుల గూడ గంతే గద. సావుగీత అని పెట్టు, ఒడ్శిపోతది.

—

తమ్ముడూ, నువ్వు చెప్పింది చూసి కాసేపు అలాగే కూర్చున్నా. మా ఊళ్ళో సంక్రాంతికి పొలంలో సున్నంతో గీత గీసి ఆడేవాళ్ళం, చచ్చినవాడు గట్టు మీద కూర్చుని మళ్ళీ ఎప్పుడు బతికిస్తారా అని చూసేవాడు. అక్కడ బతికించేవాడు లేడు, అదే తేడా.

ఆ జైలు మధ్యలో ఒక వాగు పారుతుంది. వాగు ఎగువన కాపలా సైనికుల గుడారాలు, వంటశాల, వాళ్ళ మురికంతా అందులోనే వస్తుంది, లోపలికొచ్చాక ఇన్ని వేలమంది మురికి దానికి తోడు. ఉన్నంతలో కాస్త తేట నీళ్ళు వాగు లోపలికొచ్చే చోట, సరిగ్గా ఆ చెక్క పక్కనే. డబ్బా పట్టుకున్న చెయ్యి ఇంకో జానెడు ముందుకి చాస్తే మంచి నీళ్ళు. ఆ జానెడు కోసం పోయినవాళ్ళున్నారు, ఎక్కువగా ఆ రూలు ఇంకా తెలియని కొత్తవాళ్ళు. మొత్తం 14 నెలల్లో ఆ గోడల మధ్య దాదాపు 13 వేల మంది పోయారు, తుపాకీ కంటే విరేచనాలూ, చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ తీసుకుపోయినవాళ్ళే ఎక్కువ.

చావుగీత ఖాయం చేశా. మొదటిసారి వచ్చినచోట "డెడ్ లైన్, అంటే చావుగీత" అని ఒక్కసారి రాసి తర్వాత అంతా చావుగీతే.

ఇంకోటి మిగిలింది. కొత్త ఖైదీలు గేట్లోంచి రాగానే పాతవాళ్ళంతా "ఫ్రెష్ ఫిష్" అని అరిచేవాళ్ళు. పచ్చి చేపలు అని పెడితే మా ఆవిడ చదివి కేజీ ఎంతట అని అడిగింది. దీనికేమన్నా చెప్పండి.