కొరియా అక్షరాలు వచ్చాయి, తెలుగు రాలేదు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి)

మా అమ్మాయి పదో తరగతి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా, ఇంగ్లీషు. కరోనాకు బడులు మూసినప్పుడు బీటీఎస్ వాళ్ళ ‘డైనమైట్’తో పట్టుకుంది ఈ కొరియా పాటల పిచ్చి. 2020లో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళిన సంగతి పదిసార్లు చెప్పింది. పాటలతో నాకు పేచీ లేదు.

మొన్న పాతపట్నంలో బస్సు కోసం నిలబడ్డాం. తెలుగు బోర్డు చదవమంటే ‘నువ్వే చదువు నాన్నా’ అంది. అదే పిల్ల ఇంటికి వచ్చి కొరియా లిపిలో పాట గడగడా చదివింది. సెలవుల్లో పది రోజుల్లో నేర్చుకుందట! ఫోను లాక్కుందామని చెయ్యి చాచి, మానేశాను. లాక్కోవలసిందా?

జవాబు (బరంపురం నుంచి ఒక తల్లి)

వద్దు అన్నయ్యా. రాత్రి పదింటికి మాత్రం ఫోను మీ గదిలో పెట్టించండి. మా వాడిది ఫోటోకార్డుల గోల. కొన్న పాటల ఆల్బంలో ఏ గాయకుడి బొమ్మ వస్తుందో విప్పేదాకా తెలియదు. కావలసినది రాకపోతే మళ్ళీ కొనమంటాడు. చిన్నప్పుడు మనమూ క్రికెట్ బొమ్మల కోసం బబుల్‌గమ్ కొన్నాం కానీ, అది రూపాయితో పోయేది.

జవాబు (రాయగడ నుంచి డిగ్రీ విద్యార్థిని)

బాబాయ్ గారూ, ఆ లిపిలో మూలాక్షరాలు 24. హల్లునూ అచ్చునూ కలిపి ఒక గడిలో కూర్చడం మన గుణింతం లాంటిదే. సామాన్యులకు చదువు రావాలని సేజోంగ్ రాజు 1446లో ప్రకటించిన లిపి కనుక పది రోజులు చాలు. వాక్యం మనలాగే క్రియతో ముగుస్తుంది. అన్ననూ అక్కనూ పేరు పెట్టి పిలవరు. ఇదంతా పట్టుబడిన పిల్లకు తెలుగు ఎందుకు రాదు? బడిలో లేదు సరే, ఇంట్లో మీరు ఎప్పుడైనా నేర్పారా?

జవాబు (గుణుపురం నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు)

గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నది మీ ఊళ్ళో ఉండగానే. పంతులికి సవర ఎందుకని అప్పుడూ ఎవరో ఒకరు అనే ఉంటారు. భాష నేర్చుకుంటే నష్టం లేదు. నా భయం వేరు. ఆ గాయకుల సన్నని నడుములు చూసి మా మనవరాలు రాత్రి అన్నం మానేసింది. రెండు నెలలకు గానీ మాకు తెలియలేదు. మీ అమ్మాయి కంచం వైపు ఒక కన్ను వేసి ఉంచండి.

ప్రశ్న అడిగిన తండ్రి

అమ్మా, మీ ప్రశ్న గుచ్చుకుంది. నేర్పలేదు. కొట్టు కట్టి ఇంటికి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, ఇక రేపు చూద్దాం అనుకుంటూ పదేళ్ళు గడిపేశాను. మాస్టారూ, కంచం చూశాను, బాగానే తింటోంది.

నిన్న రాత్రి పలక తెచ్చాను. ‘వాళ్ళకు ఒకే అక్షరం మాట మొదట్లో క లాగా, మధ్యలో గ లాగా పలుకుతుంది. మనకు క ఖ గ ఘ అని నాలుగెందుకు?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. మంచం మీద నుంచి మా అమ్మ అందుకుంది: ‘కాలికీ గాలికీ తేడా అక్కర్లేదా?’ ఆవిడే కొరియా సీరియళ్ళలో పిల్లలు తండ్రిని ‘అప్పా’ అనడం విని, వీళ్ళు అరవవాళ్ళా అని అడిగిన మనిషి.

క గుణింతం అయింది. ఖ దగ్గర నిద్ర ముంచుకొచ్చింది, నాకే.