డ్యూటీలో గ్లాక్ 17, డ్యూటీ బయట చిన్న పిస్టల్: గురి నిజంగా ఎంత తగ్గుతుంది?

టెక్సాస్_డెప్యూటీ

అందరికీ నమస్తే. టెక్సాస్‌లో షెరీఫ్ ఆఫీసు ఉద్యోగం. డ్యూటీ పిస్టల్ గ్లాక్ 17 జెన్ 5. డ్యూటీ లేనప్పుడు చొక్కా కింద పెట్టుకోవడానికి మా వాళ్లు ఒప్పుకునే జాబితాలో గ్లాక్ 19, 26, 43ఎక్స్, 48, సిగ్ పీ365 ఉన్నాయి. ఇక్కడి ఎండలకి పల్చటి చొక్కా తప్ప పైన ఇంకోటి వేసుకోలేం, కాబట్టి చిన్నదైతే మేలనిపిస్తోంది.

ఇబ్బందల్లా గురి దగ్గరే. 25 గజాల నుంచి నిదానంగా కాలిస్తే 17తో రౌండ్లన్నీ బీ-8 టార్గెట్ నల్ల వృత్తంలోనే ఉంటున్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకున్న 43ఎక్స్‌తో సగం బయటికి పోతున్నాయి, అవి కూడా ఎక్కువగా ఎడమవైపు కిందికి. నాది కుడిచేతి వాటం. బ్యారెల్ పొట్టిదవడం వల్లేనా ఇది? అలాగైతే 19 కన్నా చిన్నదాని జోలికి పోకూడదా? లెక్కలతో చెప్పగలిగేవాళ్లు చెప్పండి.

బెంచ్‌రెస్ట్

బ్యారెల్ తప్పేమీ లేదు బ్రదర్. పొట్టి బ్యారెల్‌లోంచి వచ్చినా తూటా గిరగిరా తిరుగుతూ సూటిగానే పోతుంది. తగ్గేది వేగం. అది కూడా తూటా రకాన్ని బట్టి అంగుళానికి సెకనుకి 30 నుంచి 60 అడుగుల దాకా. 17 బ్యారెల్ 114 మి.మీ., 43ఎక్స్‌ది 87 మి.మీ., అంటే అంగుళం పైచిలుకు తేడా. దీనివల్ల 25 గజాల దగ్గర తూటా అదనంగా దిగేది రెండు మూడు మిల్లీమీటర్లే. మీ టార్గెట్ మీద అది కంటికి కూడా ఆనదు.

తేడా తెచ్చేవాటిలో మొదటిది ఫ్రంట్ సైట్‌కీ రియర్ సైట్‌కీ మధ్య దూరం. ఫ్యాక్టరీ సైట్లతో 17కి 165 మి.మీ., 19కి 153, 26కి 137, 43ఎక్స్‌కి 132. ఫ్రంట్ సైట్ రియర్ సైట్ గాడి మధ్యలోంచి ఒక మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. 25 గజాల దగ్గర 17తో ఆ గుండు సుమారు 139 మి.మీ. పక్కకి పోతుంది, 19తో 149, 26తో 167, 43ఎక్స్‌తో 173. అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి తేడా పావు వంతు. అదే 7 గజాల దగ్గర 17తో 39, 43ఎక్స్‌తో 48 మి.మీ. మధ్యలో తేడా సెంటీమీటరుకి లోపే. డ్యూటీ బయట అవసరం పడితే అది దాదాపు ఎప్పుడూ దగ్గరి దూరమే కాబట్టి, ఈ ఒక్క కారణంతో చిన్న పిస్టల్‌ని కాదనక్కర్లేదు.

రెండోది పిస్టల్ బరువుకీ ట్రిగ్గర్ బరువుకీ (అంటే దాన్ని లాగడానికి కావాల్సిన బలానికీ) ఉన్న నిష్పత్తి. నా ఉద్దేశంలో అసలు దొంగ ఇదే. గ్లాక్ ట్రిగ్గర్ సుమారు రెండున్నర కిలోలు. నిండా లోడ్ చేసిన 17 బరువు 915 గ్రాముల దరిదాపు. అంటే పిస్టల్ బరువుకి 2.7 రెట్ల బలంతో దాని మీదే ఒత్తుతున్నారు. 43ఎక్స్ లోడ్ చేసినా 650 గ్రాములే, అక్కడ అది 3.8 రెట్లు. గుళ్లు ఖాళీ అయ్యేకొద్దీ ఇంకా తేలికవుతుంది. 9 ఎంఎం రౌండ్ ఒక్కోటి 12 గ్రాముల చొప్పున తొమ్మిది పోతే ఆఖరి గుండు దగ్గర నిష్పత్తి 4.6. స్మిత్ అండ్ వెసన్ 642 లాంటి ఐదు గుళ్ల రివాల్వర్‌ని ఊహించుకోండి: అర కిలో తుపాకీ, ఐదు కిలోల పైన ట్రిగ్గర్, 11 రెట్లు. ఆ రివాల్వర్ బిగించిన స్టాండ్ మీంచి బాగానే కొడుతుంది. చేతిలోకి వచ్చేసరికే మొరాయిస్తుంది.

మూడోది పట్టు. ఎత్తు చూస్తే 43ఎక్స్, 19 ఒకటే, 128 మి.మీ. కానీ 43ఎక్స్ సన్నం. పెద్ద చేతులకి వేలు ట్రిగ్గర్ మీద లోపలిదాకా వెళ్లిపోతుంది, మొదటి కణుపు దగ్గర ఒత్తాల్సింది రెండో కణుపు దగ్గర ఒత్తుతారు. దాంతో ట్రిగ్గర్ వెనక్కి సూటిగా రాదు. ఎడమచేతి మడమకి ఆనుకునే చోటు కూడా తక్కువ. ఖాళీ మిగిలిపోయి, గుండు పేలే క్షణంలో కుడిచెయ్యి ఒక్కటే బిగుసుకుంటుంది. కుడిచేతి వాళ్లకి ఎడమవైపు కిందికి పడటం చాలావరకు ఇదే. దెబ్బ వస్తోందని ముందే ఒళ్లు బిగబట్టి మూతిని కిందికి నొక్కేయడం దీనికి తోడవుతుంది.

ఫీనిక్స్_ఇన్‌స్ట్రక్టర్

పై లెక్కలు సరిగ్గా ఉన్నాయి. అయితే ఒక్కసారి అద్దెకి తీసుకుని కాల్చి తేల్చే విషయం కాదిది. పద్ధతిగా పోల్చాలంటే ఒక్కో పిస్టల్‌కి సుమారు 100 రౌండ్లు, అన్నిటికీ ఒకే కంపెనీ, ఒకే బరువు తూటా.

రేంజ్‌కి వెళ్లగానే చెయ్యి వేడెక్కకముందే మొదటి ఐదు రౌండ్లు 25 గజాల నుంచి కొత్త బీ-8 మీద కాల్చండి. ఆ కాగితం విడిగా దాచండి. డ్యూటీ బయట ఎవరూ వార్మప్ ఇవ్వరు కదా, మీ అసలు స్థాయి ఆ కాగితమే చెబుతుంది.

తర్వాత బెంచి మీద ఇసుక సంచులు. సంచికి ఆనాల్సింది మీ ముంజేతులు, ఫ్రేమ్ అడుగు భాగం. బ్యారెల్‌నీ స్లైడ్‌నీ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగాన్ని) ఆనిస్తే గ్రూప్, అంటే గుళ్లు పడే గుంపు, ఎక్కడికో పోతుంది. ఐదేసి రౌండ్ల గ్రూపులు నాలుగు. రెండు పిస్టళ్లు పోల్చేటప్పుడు ఒకదాన్ని పూర్తిగా ముగించి రెండోది మొదలుపెట్టకండి. మొదటిది, రెండోది, రెండోది, మొదటిది, ఈ వరసలో మార్చండి. లేకపోతే అలసటంతా రెండోదాని ఖాతాలో పడుతుంది.

ఆ తర్వాత నిలబడి రెండు చేతులతో 20 రౌండ్లు నిదానంగా. అక్కడి నుంచి 7 గజాలకి వచ్చి, మీరు నిజంగా వేసుకునే చొక్కా కింద నుంచి, నిజంగా వాడే హోల్‌స్టర్‌లోంచి తీసి రెండేసి రౌండ్లు, పదిసార్లు, షాట్ టైమర్ పెట్టి. ఆపైన ఆరేసి రౌండ్లు వేగంగా, మూడుసార్లు. చివర్లో కుడిచేత్తో ఐదు, ఎడమచేత్తో ఐదు. ఎడమచేతి ఐదూ వదిలేయొద్దు. చిన్న పిస్టళ్లలో తేడా ఎక్కువగా బయటపడేది అక్కడే.

ఇక చదివే తీరు. బెంచి మీద రెండిటికీ తేడా అంగుళంలోపే ఉండి, నిలబడినప్పుడు పెద్దదైతే లోపం పట్టులో, ట్రిగ్గర్‌లో ఉంది, సాధనతో పోతుంది. బెంచి మీద గ్రూప్ బిగువుగా ఉండి మొత్తంగా పక్కకి జరిగితే సైట్లు సర్దాలి. బెంచి మీదే చెదిరిపోతే తూటా రకం మార్చి చూడండి. కొన్ని పిస్టళ్లకి 115 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటా పడదు, 124 గానీ 147 గానీ కుదురుతుంది.

సైట్ మార్చే ముందు బాగా కాల్చే ఇంకొకరి చేత కూడా ఐదు రౌండ్లు కాల్పించండి. వాళ్లకి మధ్యలో పడితే సైట్‌ని ముట్టుకోవద్దు. వాళ్లకీ కిందే పడితే అప్పుడు లెక్క ఇలా: గ్లాక్ ఫ్యాక్టరీ రియర్ సైట్లు 6.1, 6.5, 6.9, 7.3 మి.మీ. ఎత్తుల్లో దొరుకుతాయి. మామూలుగా వచ్చేది 6.5. రియర్ సైట్ ఎత్తు పెరిగితే గుండు పైకి పోతుంది. 43ఎక్స్ మీద ఒక మెట్టు, అంటే 0.4 మి.మీ. పెంచితే 25 గజాల దగ్గర 69 మి.మీ. పైకి వస్తుంది. 17 మీద అదే మెట్టు 55 మి.మీ. మాత్రమే జరుపుతుంది.

ఒళ్లు బిగబట్టడం పోవాలంటే పక్కవాళ్ల చేత మ్యాగజైన్ నింపించండి: పది రౌండ్లలో రెండు మూడు డమ్మీలు, ఎక్కడున్నాయో మీకు తెలియకుండా. డమ్మీ దగ్గర ట్రిగ్గర్ లాగినప్పుడు ఫ్రంట్ సైట్ కిందికి ముక్కు వంచితే రోగం దొరికినట్టే. ఇంట్లో డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేసేటప్పుడు తూటాలు వేరే గదిలో ఉండాలి. చాంబర్ కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోవాలి. ఇందులో సర్దుబాటు లేదు.

టెక్సాస్_డెప్యూటీ

చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. ఎడమచేతి మడమ దగ్గర ఖాళీ మాట నిజం, 43ఎక్స్ పట్టుకున్నప్పుడు అది తెలుస్తోంది. ఇంకో రెండు: రెడ్ డాట్ పెడితే సైట్ల దూరం గొడవ పోతుందా? 26కీ 48కీ మధ్య మీరైతే ఏది?

కడప_టు_హ్యూస్టన్

డాట్‌తో ఆ గొడవ పూర్తిగా పోతుంది తమ్ముడూ. రెండు సైట్లు ఒకదానితో ఒకటి కలపాల్సిన పనే లేదు, అద్దంలో చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికే. 43ఎక్స్ ఎంఓఎస్ (డాట్ బిగించే ఏర్పాటున్న) మోడల్‌కి షీల్డ్ ఆర్‌ఎంఎస్‌సీ కొలతల డాట్ పడుతుంది. కొనేముందు స్క్రూల కొలతలు సరిచూసుకోండి, పొడుగు స్క్రూ పడితే లోపలి ఎక్స్‌ట్రాక్టర్ భాగాలకి తగిలి స్లైడ్ పట్టేస్తుంది. 25 గజాల నిదానపు కాల్పుల్లో చిన్న పిస్టల్, పెద్ద పిస్టల్ తేడా డాట్‌తో బాగా తగ్గుతుంది. ట్రిగ్గర్, బరువుల నిష్పత్తి మాత్రం అలాగే ఉంటుంది. పైగా చుక్క వణుకు కళ్లకి కట్టినట్టు కనిపించి, అది మధ్యకి వచ్చిందనగానే ట్రిగ్గర్ కొట్టేసే అలవాటు చాలామందికి పడుతుంది. వణకనివ్వండి, మీరు ఒత్తిడి ఆపకుండా పెంచుతూ పోండి. మన ఎండల్లో ఇంకో సంగతి: నడుం దగ్గర పెట్టుకుంటే చెమట, చొక్కా నూగు అద్దానికి పడతాయి. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి. డాట్ ఆరిపోతే ఆదుకోవడానికి ఇనుప సైట్లు అద్దంలోంచి కనిపించే ఎత్తులో ఉండాలి.

26, 48 విషయానికొస్తే, చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపించేది పిడి. బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, పొడుగున్నా ఎవరికీ కనిపించదు. ఇది తెలియక చాలామంది పొట్టి బ్యారెల్ కోసం వెతుకుతారు. 48 అంటే 43ఎక్స్ పిడి మీద 106 మి.మీ. బ్యారెల్. సైట్ల దూరం దాదాపు 19 అంత. దాచడంలో కష్టం పెరగదు, మూతి దగ్గర బరువు పెరుగుతుంది, ఎగిరిపాటు తగ్గుతుంది. నడుం ముందుభాగంలో పెట్టుకునేవాళ్లకైతే కాస్త పొడుగు హోల్‌స్టర్ వల్ల పిడి ఒంటికి అతుక్కుంటుంది కూడా. 26 లావు, పిడి పొట్టి. చిటికెనవేలు గాల్లో వేలాడుతుంది, మ్యాగజైన్ అడుగున ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే గానీ పట్టు కుదరదు. తగిలించాక పొట్టి పిడి లాభం చాలావరకు పోయినట్టే. దానికున్న ఒక మంచి గుణం, మీ 17 మ్యాగజైన్లు దానికి పడతాయి. రెండో మ్యాగజైన్‌గా 17 గుళ్లది జేబులో పెట్టుకోవచ్చు.

నా ఓటు 48కి. పల్చటి చొక్కా కిందకి అదే మేలు, చేతులు పెద్దవి కాకపోతే మాత్రమే. చేతులు పెద్దవైతే 19.

ఆర్మరర్_గుంటూరు

గురి గురించి అంతా చెప్పారు, మెకానిజం మాట ఒక్కటి కలుపుతాను. పిస్టల్ చిన్నదయ్యేకొద్దీ స్లైడ్ వెనక్కి పోయే దూరం తగ్గుతుంది, స్ప్రింగ్ బిరుసు పెరుగుతుంది. మణికట్టు వదులుగా ఉంటే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తోపాటే వెనక్కి కదిలిపోయి, స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. ఖాళీ తొడుగు నిలువుగా ఇరుక్కుంటుంది. 17తో ఎప్పుడూ రాని జామ్ చిన్నదాంతో వస్తే ముందు మణికట్టు చూసుకోండి. మ్యాగజైన్ ఖాళీ అయినా స్లైడ్ వెనక ఆగకపోతే, బొటనవేలు స్లైడ్ స్టాప్ మీద ఆనుతోందన్నమాట. రీకాయిల్ స్ప్రింగ్ పెద్ద పిస్టళ్లకన్నా ముందే మార్చాలి, ఎన్ని రౌండ్లకో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఇండియా నుంచి చదివేవాళ్లకి: ఇక్కడ 9 ఎంఎం పౌరులకి నిషేధిత బోర్. లైసెన్సు మీద ఎక్కువగా దొరికేది .32. ఈ పోలికలన్నీ అమెరికా పోలీసు ఉద్యోగులకే వర్తిస్తాయి.

ఫీనిక్స్_ఇన్‌స్ట్రక్టర్

డెప్యూటీ గారూ, ఏది ఎంచుకున్నా దానితోనే విడిగా క్వాలిఫై అవ్వండి, అంటే డిపార్ట్‌మెంట్ కాల్పుల పరీక్ష పాసవ్వండి. 17తో అయిన క్వాలిఫికేషన్ 48కి చెల్లుతుందో లేదో మీ డిపార్ట్‌మెంట్ ఉత్తర్వులో రాసి ఉంటుంది, నోటిమాట నమ్మొద్దు. రాష్ట్రం దాటి వెళ్లినప్పుడు 2004 నాటి లియోసా చట్టం (పోలీసులు ఏ రాష్ట్రంలోనైనా తుపాకీ దాచి పెట్టుకోవడానికి వీలిచ్చే చట్టం) కింద ఫోటో ఉన్న డిపార్ట్‌మెంట్ ఐడీ ఒంటి మీద ఉండాలి, మందు ముట్టి ఉండకూడదు. ప్రైవేటు స్థలం యజమాని వద్దంటే, లేదా రాష్ట్ర ప్రభుత్వ భవనంలో నిషేధం ఉంటే ఆ చట్టం మిమ్మల్ని కాపాడదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల మ్యాగజైన్‌కి 10 గుళ్ల పరిమితి ఉంది. 48, 43ఎక్స్ ఫ్యాక్టరీ మ్యాగజైన్ సరిగ్గా పదే కాబట్టి అక్కడ వాదన రాదు.

తూటా సంగతి కూడా. పొట్టి బ్యారెల్‌లో వేగం తగ్గితే హాలో పాయింట్ (ముందు గుంట ఉండి తగలగానే విచ్చుకునే తూటా) సరిగా విచ్చుకోకపోవచ్చు. స్పీర్ గోల్డ్ డాట్‌లో షార్ట్ బ్యారెల్ రకం ఉంది, లేదా ఫెడరల్ హెచ్ఎస్‌టీ 147 గ్రెయిన్లు చూడండి. ఎఫ్‌బీఐ పరీక్షలో జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్నది కొలత. డిపార్ట్‌మెంట్ తూటా ఇస్తే అదే వాడండి. సాధన చవక తూటాతో చేసినా, రోజూ పెట్టుకునే తూటా కనీసం 50 రౌండ్లు ఆ పిస్టల్‌లోంచే కాల్చి, గుండు ఎక్కడ పడుతోందో, జామ్ లేకుండా నడుస్తోందో చూసుకున్నాకే నడుముకి తగిలించండి. 115 గ్రెయిన్లతో సరిచేసిన సైట్ల మీద 147 గ్రెయిన్లు 25 గజాల దగ్గర వేరే ఎత్తులో పడటం మామూలే.