వజ్రం దొరికితే భూమి వాళ్లకు, కౌలుదారుకు, ఏరినవాళ్లకు వాటా ఎట్లా వేయాలి?

మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం, జొన్నగిరి పక్క ఊరు. తొలకరి వానలకు ఎర్రనేల పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, పొద్దు పొడవకముందే జనం చేలల్లో వంగి ఏరుతుంటారు, తెలిసిందే. మా చేను చిన్నాయన కొడుకు కౌలుకు చేస్తున్నాడు. ఈ జూన్‌లో నేను, వాడు, ఇద్దరు స్నేహితులు కలిసి వెతకాలనుకున్నాం, వాటా దగ్గరే తెగడం లేదు.

నలుగురికీ సమానం అన్నాను. విత్తనం వేసే అదునులో చేను తొక్కితే నష్టం నాదే కదా అంటాడు కౌలుకు చేసేవాడు, అది న్యాయమే. పోనీ కంట పడినవాడికి సగం అంటే ఎవరికి వారే విడిగా తిరుగుతారు, చిటికెన వేలి గోరంత రాయి గుప్పిట్లో దాచినా పక్కవాడికి తెలీదు. పెద్దమనుషులను కూర్చోబెడితే తలా ఒక లెక్క చెప్పి లేచారు. 1878 నాటి నిధుల చట్టం చూశాను. సొంతదారు తేలని నిధికి, ముందే ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని ఉంది. కానీ అది నేలలో దాచిన సొత్తు సంగతి, తనంతట పుట్టిన రాయికి ఎట్లా వర్తిస్తుంది? వానలు పడేలోపు కాగితం రాసుకోవాలి, లేకుంటే అన్నదమ్ముల మధ్య మాటలు పోతాయని టెన్షన్‌గా ఉంది.

వజ్రకరూరు, మద్దికెర, పత్తికొండ వైపు ఇట్లా కలిసి వెతికినవాళ్లు, పంట నష్టం పక్కన తీసేశాక, మిగతాది ఎవరికి ఎన్ని వంతులు వేసుకున్నారు?