ఊపిరి బిగబట్టలేని వాళ్లకి ఎమ్మారై ఎలా?

గాజువాక_అబ్బాయి: నాన్నకి లివర్ ఎమ్మారై రాశారు. మనిషికి మెట్లెక్కితేనే ఆయాసం. ‘ఊపిరి బిగబట్టండి’ అన్న ప్రతిసారీ పది లెక్కపెట్టేలోపే వదిలేశారట. బొమ్మలు మసగ్గా వచ్చాయి, మళ్లీ రమ్మన్నారు. ఊపిరి ఆడుతుండగానే తీసే పద్ధతి లేదా?

ఎంవీపీ_కోడలు: మా అత్తయ్యగారిదీ ఇదే గోల. లోపల వినిపించేది రికార్డు చేసిన ఇంగ్లిష్ గొంతు. ‘హోల్డ్’ అంటే ఆవిడకేం తెలుస్తుంది? రెండోసారి నన్ను పక్కన ఉండనిచ్చారు. పుస్తెలతాడు, పిన్నీసులు అన్నీ తీసేసి వెళ్లాను. నేను కాలి మీద తడితే ఊపిరి వదిలి ఆగాలని ముందే అనుకున్నాం. బాగా వచ్చింది.

స్కాన్_గది: టెక్నీషియన్ని. వదిలి ఆగడమే మేలు. పీల్చి ఆగితే లివర్ ఒక్కోసారి ఒక్కో ఎత్తులో ఉంటుంది, వదిలితే దాదాపు ఒకే చోటికి వస్తుంది. ఆగలేని వాళ్లకి పొట్టకి బెల్టు కడతాం. పొట్ట లేచినా దిగినా తెర మీద గీత కదులుతుంది, ఊపిరి వదిలిన ఆ కాస్త విరామంలోనే మెషిన్ తీస్తుంది. టైం పడుతుంది. కాంట్రాస్టు (బొమ్మ తేటగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) ఎక్కించాక తీసేవాటికి మాత్రం కుదరదు, మందు మన కోసం ఆగదు కదా.

ఫిజిక్స్_పిచ్చి: ఆ కదలికనే సినిమాలా చూసే ఫోర్‌డీ ఎమ్మారై కూడా ఉందండీ. మామూలు శ్వాసకే డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, సెంటీమీటరు, రెండు జరుగుతుంది. మొత్తం పొట్టని అంత వేగంగా త్రీడీలో తీయడం కష్టం. అందుకే కొన్ని నిమిషాలు తీసి, పీల్చేటప్పటివి ఒక గుట్ట, వదిలేటప్పటివి ఒక గుట్టగా వేరుచేస్తారు. ఆర్కే బీచ్‌లో ఒక్కో అలకి ఒక్కో ఫొటో తీసి, వరసగా పేర్చి ‘ఇదే అల’ అని చూపించినట్టు. తెర మీద కనిపించే ఊపిరి ఆ మనిషి నిజంగా తీసింది కాదు! మధ్యలో దగ్గితే లివర్ అంచు మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తుంది. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చేవాళ్లకి గడ్డ ఎంత దూరం జరుగుతోందో తెలియాలి, అక్కడ ఇది పనికొస్తుంది. సీటీలోనూ ఫోర్‌డీ ఉంది గానీ అది ఎక్స్‌రే.

స్కాన్_గది: బాబూ, ఆయనకి కావాల్సింది మామూలు రిపోర్టు. సైకిల్ చక్రం చువ్వల్లా మధ్యనుంచి డేటా తీసే రేడియల్ పద్ధతి ఉందేమో అడగమనండి. కదిలినా అంత మసక రాదు, కాంట్రాస్టుకీ పనికొస్తుంది.

గాజువాక_అబ్బాయి: థాంక్స్ అందరికీ. రాత్రి నుంచి నాన్న చేత ప్రాక్టీసు చేయిస్తున్నా. వదిలి ఆగితే పదకొండు దాకా వస్తోంది. ఒకసారి అమ్మ ‘టీ చల్లారిపోతోంది’ అనేసరికి నవ్వొచ్చి ఏడు దగ్గరే వదిలేశారు. సెంటర్‌కి ఫోన్ చేశాను, బెల్టు ఉందట. మొన్న ఎందుకు కట్టలేదో మరి.