ఆక్సిజన్ దేశంలో ఉంది, వార్డుకు చేరలేదు: 2021లో సమన్వయం ఎక్కడ తెగింది?

ప్రశ్న (రాతిగుట్ట):
కరోనా సెకండ్ వేవ్‌లో ఉక్కు ఫ్యాక్టరీల్లో ఆక్సిజన్ తయారవుతూనే ఉంది. విశాఖలో రైలెక్కి మహారాష్ట్రకు కూడా వెళ్లింది. మరి ఆసుపత్రుల్లో ఎందుకు నిండుకుంది? తేడా తయారీలోనా, రవాణాలోనా, లెక్కలోనా? నెలల తరబడి సాగే మహమ్మారికి జిల్లా ప్రణాళిక రాసేవాళ్లు ఏది కేంద్రానికి వదలాలి, ఏది తమ చేతిలో ఉంచుకోవాలి? పార్టీల గొడవ వద్దండి, లెక్కలు చెప్పండి.

కృష్ణాతీరం:
ముందు తెగింది రవాణా, దాని వెనకే లెక్క.

మొదటి వేవ్‌లో దేశమంతటికీ రోజుకు 3,095 టన్నులున్న మెడికల్ ఆక్సిజన్ గిరాకీ, సెకండ్ వేవ్‌లో 9,000 టన్నుల దగ్గరికి పోయిందని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. 2021 ఏప్రిల్ 22 నుంచి తొమ్మిది రకాల పరిశ్రమలు తప్ప మిగతావాటికి సరఫరా ఆపడంతో తయారీ కొంత సర్దుకుంది. కానీ పెద్ద ప్లాంట్లు చాలావరకు తూర్పున, రూర్కెలా, జంషెడ్‌పూర్, అంగుల్ వైపు. రోగులేమో ఢిల్లీలో, మహారాష్ట్రలో. మైనస్ 183 డిగ్రీల ద్రవాన్ని మోసే ట్యాంకర్లు అడగ్గానే పుట్టవు. నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను కూడా మార్చి వాడాల్సి వచ్చింది. ఏప్రిల్ 23న బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో భువనేశ్వర్ చేర్చారు. నింపిన ట్యాంకరును విమానమెక్కించడం ప్రమాదం కాబట్టి రాక మాత్రం రోడ్డు మీదే. ఇలాంటి పని ఏ ఒక్క రాష్ట్రం వల్లా సొంతంగా అయ్యేది కాదు. ట్యాంకర్ల కేటాయింపు కేంద్రం దగ్గరే ఉండాలి.

ఇక లెక్క. అప్పటి కేంద్ర సూత్రం ప్రకారం ఐసీయూ బెడ్డుకు నిమిషానికి 24 లీటర్లు, మిగతా బెడ్లలో సగానికి 10 లీటర్లు. 100 బెడ్లలో 20 ఐసీయూ అనుకుంటే 480 + 400 = 880 లీటర్లు. రోజుకు దాదాపు 1,267 ఘనపు మీటర్లు, అంటే సుమారు 1.7 టన్నుల ద్రవం. 7 ఘనపు మీటర్ల పెద్ద సిలిండర్లయితే 181. కానీ ఆ ఐసీయూలో పది మందిని హై ఫ్లో (ముక్కు గొట్టాల ద్వారా ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇచ్చే పరికరం) మీద పెట్టి 60 లీటర్లకు తిప్పితే మొత్తం 1,240కి ఎగబాకుతుంది. కాగితం మీద సరిపోయిన స్టాకు రాత్రికి రాత్రే ఎందుకు కరిగిపోయిందో ఇక్కడే తెలుస్తుంది.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ట్యాంకు నిండుగా ఉన్నా వేపరైజర్ (ద్రవాన్ని వాయువుగా మార్చే పరికరం) స్థాయికి మించి లాగితే దాని రెక్కల మీద మంచు పేరుకుపోతుంది, ద్రవం సరిగా ఆవిరి కాదు, లైనులో ఒత్తిడి పడిపోతుంది. ముందు దెబ్బ తినేది పైపు చివరి వార్డు. రెండో వేపరైజర్ పెట్టి మార్చి మార్చి వాడాలి.

జిల్లా చేతిలో ఉండాల్సింది ఆరు గంటలకోసారి ప్రతి ఆసుపత్రి నుంచి మూడు అంకెలు: ట్యాంకులో మిగిలిన స్టాకు, గంటకు వాడకం, హై ఫ్లో మీదున్న రోగుల సంఖ్య. ట్యాంకరు ప్లాంటు నుంచి రావడానికి పట్టే సమయానికి (వరసలో నిలబడే గంటలతో కలిపి) ఒక రోజు కలిపి చూసుకోండి. స్టాకు అంతకు దిగకముందే ఆర్డరు వెళ్లిపోవాలి.

గోదారిగట్టు:
పైన చెప్పినదానికి సరిహద్దు కూడా చేర్చాలి. రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో 6వ అంశం. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటువ్యాధి పాకకుండా ఆపడం ఉమ్మడి జాబితాలో 29. అంటే రెండు ప్రభుత్వాలకూ బాధ్యత ఉంది. 2021 మేలో రెండు రాష్ట్రాల సరిహద్దులోని పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆంధ్ర అంబులెన్సులు నిలిచిపోయాయి. ఆసుపత్రి అంగీకారం, కంట్రోల్ రూమ్ అనుమతి ఉండాలన్న తెలంగాణ సర్క్యులర్‌పై మే 14న హైకోర్టు స్టే ఇచ్చింది. తెలంగాణ వాదనలోనూ పస ఉంది: పొరుగు రాష్ట్రాల రోగులు హైదరాబాద్ వస్తుంటే ఆక్సిజన్, మందుల కోటా మాత్రం సొంత కేసుల లెక్కన వస్తే ఎలా? దీనికి మందు రోగిని ఆపడం కాదు. ఏ రాష్ట్రం రోగి ఏ నగరంలో చేరాడో ఆ బెడ్డు లెక్కనే కోటా ఇవ్వాలి.

టీకాలదీ ఇదే కథ. మే 1 నుంచి రాష్ట్రాలు విడివిడిగా కొనుక్కోవచ్చన్నారు. ఆంధ్రప్రదేశ్ కోటి డోసులకు గ్లోబల్ టెండరు పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. జూన్ 21 నుంచి 75 శాతం కొనుగోలు మళ్లీ కేంద్రమే తీసుకుంది. సరుకు కొద్దిగా ఉన్నప్పుడు కొనేవాడు ఒక్కడే ఉండాలండి. ఈ ఆలస్యంలో పోయినవి ప్రాణాలు.

రాతిగుట్ట:
పీఎస్ఏ ప్లాంటు (గాలిలోంచే ఆక్సిజన్ వేరుచేసేది) పెట్టిన ఆసుపత్రికి ద్రవ ట్యాంకు అక్కర్లేదా?

కృష్ణాతీరం:
రెండూ కావాలి. నిమిషానికి 1,000 లీటర్ల ప్లాంటు పై లెక్కలోని 880కి సరిపోతుంది, హై ఫ్లో పెరిగి 1,240 అయితే చాలదు. స్వచ్ఛత 93 శాతం, మూడు అటూ ఇటూ. ఒత్తిడి పెంచే బూస్టర్ కంప్రెసర్ లేకపోతే సిలిండర్లు నింపలేరు. కరెంటు పోతే ఆగిపోతుంది కాబట్టి జనరేటరు, డీజిలు దానితోపాటే.

2020 అక్టోబరులో టెండరు పిలిచి కేంద్రం మంజూరు చేసిన 162 ప్లాంట్లలో, 2021 ఏప్రిల్ మధ్యకు బిగించినవి 33. ప్లాంటు ఒకరు కొంటారు, స్థలం, షెడ్డు, కరెంటు ఇంకొకరు చూస్తారు. ఆ రెండో పనికి తేదీ, బాధ్యుడి హోదా ఆర్డరులోనే రాయాలి.

వేవ్‌కూ వేవ్‌కూ మధ్య ప్లాంటును ఊరికే వదిలేయకండి. గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచే జియోలైట్ గుళికలు తేమ పీల్చుకుంటే స్వచ్ఛత పడిపోతుంది. క్రమం తప్పకుండా నడిపి, బయటికొచ్చే ఆక్సిజన్ శాతం కొలిచి, రిజిస్టరులో ఎక్కించాలి. 90 కిందికి వస్తే ముందు గాలిలో తేమ తీసే డ్రయ్యర్ చూడండి, తర్వాత జియోలైట్.