కమాను కిటికీల వంపు స్టైరీన్ షీటులో కచ్చితంగా కోయడం ఎలా?

ప్రశ్న

1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ అంటే నాకున్న ఇష్టంతో, ఆ శైలిని గుర్తుకు తెచ్చే చిన్న స్టేషన్ భవనం ఒకటి హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతుండే రైలు నమూనాల కొలతలో (1:87), రెడీమేడ్ కిట్టు లేకుండా కడుతున్నాను. గోడలకు 1 మి.మీ. మందం గల స్టైరీన్ (ఒక రకం ప్లాస్టిక్) షీటు వాడుతున్నాను. నాలుగడుగుల వెడల్పున్న కిటికీ ఈ స్కేలులో 14 మి.మీ. అవుతుంది. నిలువు గీతలకు గీతబద్ద ఆసరా ఉంటుంది గాని, పైనున్న అర్ధవృత్తాన్ని చేతివాటంగా బ్లేడుతో కోస్తే ఏ రెండు కిటికీలూ ఒకేలా రావు. వరుసగా కమానులున్న గోడ మీద ఆ తేడా దాగదు. 14 మి.మీ. డ్రిల్లు బిట్టు వాడవచ్చునా? మొన తేలిన కమానులు కూడా రెండు ఉన్నాయి.

మొదటి జవాబు

అంత పెద్ద బిట్టు పల్చని ప్లాస్టిక్‌ను పట్టి లాగేస్తుంది, వేడికి అంచు కరుగుతుంది కూడా. జామెట్రీ బాక్సులోని డివైడర్ చాలు. దాని రెండు మొనలూ ఉక్కువే కాబట్టి ఒకటి కేంద్రంలో గుచ్చి, రెండోదానితో తేలికగా, పలుమార్లు గీయండి. అర్ధవృత్తమే కావలసినా పూర్తి వృత్తం గీయవచ్చు, ఎందుకంటే కింది సగమూ కేంద్రం గుంటా తీసేసే ముక్కలోనే పోతాయి. కేంద్రంలో సన్నని రంధ్రం అవతలి వైపు దాకా చేసుకుంటే, షీటు తిప్పి వెనుక వైపు నుంచి కూడా అదే వృత్తం గీయగలరు.

వంపు ముందు, నిలువు గీతలు తరువాత. కమాను మొదలయ్యే చోట బ్లేడు ఆనించి కిందికి లాగితే, చేయి జారినా కోత కమాను పై గోడలోకి పోదు. ఆపైన మధ్యలోని వ్యర్థంలో కేంద్రం నుండి వంపు దాకా నాలుగైదు కోతలు పెట్టి, ఆ ముక్కలను ఒక్కొక్కటిగా విరవండి. వంపు ముక్కను ఒక్కసారిగా విరవబోతే గోడ చిట్లుతుంది. వ్యాసార్ధం 7కు బదులు 6.8 మి.మీ. పెట్టుకుని, మిగిలినది కొంచెం సన్నని గుండ్రటి కడ్డీకి ఉప్పుకాగితం చుట్టి అరగదీయడం మంచిది.

రెండవ జవాబు

పై పద్ధతితో ఏకీభవిస్తాను, కాని 1 మి.మీ. షీటును నేను కోయను. గోడను పొరలుగా పేర్చి, ముందు పొరకు అర మిల్లీమీటరు షీటు వాడి వంపు అందులోనే కోస్తాను. వెనుక పొరల్లో కాస్త పెద్ద దీర్ఘచతురస్రపు రంధ్రాలు సరిపోతాయి. రెండడుగుల గోడ ఈ స్కేలులో 7 మి.మీ. మందం ఉంటుంది కాబట్టి ఆ లోతు చూపించవలసిందే, లేకపోతే భవనం అట్టముక్కలా కనిపిస్తుంది. పావు మి.మీ. మందం గల స్టైరీన్ పట్టీని కడ్డీకి చుట్టి వంచి, కమాను లోపలి అంచు వెంట అతికిస్తే గోడ మందమూ వస్తుంది, ఆకురాయి గీతలూ కప్పబడతాయి.

మూడవ జవాబు

కిటికీలు ఎక్కువైతే లేజర్ కోత గురించి ఆలోచించండి, కాని మందపాటి అట్టకో ఎండీఎఫ్‌కో (చెక్కపీచుతో చేసిన పలక) మాత్రమే. సన్‌బోర్డు చవకగా దొరుకుతుందని దానిని లేజర్‌కు ఇవ్వవద్దు. అది పీవీసీ నురగ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, యంత్రాన్నీ తినేస్తుంది. స్టైరీన్ అయితే అంచున కరిగి ముద్దవుతుంది.

ప్రశ్న అడిగినవారు

డివైడర్ పద్ధతి బాగుంది. మొన తేలిన కమానుకు కేంద్రాలు రెండు కదా, అవి కిటికీ అంచు మీదే పడితే గుంటలు గోడపై మిగలవా?

మొదటి జవాబు ఇచ్చినవారు

మిగులుతాయి. అందుకే రెండు కేంద్రాలనూ అంచు నుండి 1 మి.మీ. లోపలికి జరిపి, వ్యాసార్ధం 14కు బదులు 13 మి.మీ. పెట్టండి. కమాను ఎత్తు సుమారు 12.1 నుండి 11.5 మి.మీ.కు తగ్గుతుంది, ఆకారం చెడదు. ఇక్కడ మాత్రం పూర్తి వృత్తం గీయకూడదు: మధ్యగీత ముందే వేసుకుని, ప్రతి చాపాన్నీ కొన దగ్గర మొదలుపెట్టి కిందికి లాగండి, లేకపోతే గీత కొన దాటి పై గోడలోకి వెళ్లిపోతుంది.